అటక మీద యాక్సెస్ పాయింట్

విష్ణు శవం భీమవరం అవతల ఒక రొయ్యల చెరువులో దొరికింది. నీళ్లలో గాలి చిలికే ఏరేటర్ తిరగడం లేదేమిటా అని కూలీలు దిగి చూస్తే, దాని రెక్కలకు అతని చొక్కా చుట్టుకుని ఉంది. జేబులో టెస్టర్, చేతులకు రబ్బరు గ్లౌజులు. కరెంటు షాకుతో ఎలక్ట్రీషియన్ మృతి అని మర్నాడు పేపర్లో నాలుగు లైన్ల వార్త వచ్చింది. విష్ణు ఎలక్ట్రీషియన్ అంటే అతన్ని చంపినవాళ్లు నమ్మలేదు. పేపరువాళ్లు మాత్రం నమ్మారు.

ఆ పేపరు చంకలో పెట్టుకుని ఉదయ్‌భాస్కర్ వానలో రాజమండ్రిలో బస్సు దిగాడు. మెయిన్ రోడ్డు పక్క సందులో ఒక కుట్టుమిషన్ల రిపేరు షాపు ఉంది. అక్కడికి వెళ్లిన మిషన్ బాగుపడి తిరిగొచ్చిన దాఖలా ఆ ఊళ్లో లేదు. ఉదయ్ లోపలికి వెళ్లి, బాబిన్ తిరగడం లేదన్నాడు. దారం మార్చి చూశారా అని అడిగాడు కౌంటర్ దగ్గరి మనిషి. మార్చాను, సూది విరిగిందన్నాడు ఉదయ్. కౌంటర్ మనిషి వెనక గది తలుపు తీశాడు. ఈ కోడ్ మాటలు మార్చి చాలా కాలమైంది. మార్చాల్సినవాళ్లకు ఆ ఓపిక పోయింది.

లోపల చీఫ్ సూర్యప్రకాశం వక్కపొడి నములుతూ గోడ మీది మ్యాపు చూస్తున్నాడు. ఆయన రిటైర్మెంటూ, ఆ గూఢచారి యూనిట్ మూతపడటమూ ఒకే నెలలో ఉన్నాయి. మనుషుల్ని ఇవ్వమని ఢిల్లీకి ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా, ఉన్నవాళ్లతో సర్దుకోమనేవారు. విష్ణు పోయాక ఆ ఉన్నవాళ్లు ఇద్దరే. ఒకడు ఉదయ్‌భాస్కర్. రెండో మనిషి వర్షిణి, ఇప్పటికే శత్రువుల ఇంట్లో ఉంది.

"టార్గెట్ గంగాధర్," అన్నాడు చీఫ్. "అసలు పేరు మనకు తెలియదు. సరిహద్దు అవతల పుట్టాడు, అక్కడే ఏదో స్కూల్లో తెలుగు నేర్చుకున్నాడు. భీమవరంలో రొయ్యల మేత కంపెనీ పెట్టాడు. శ్రీ తలుపులమ్మ తల్లి ఆక్వా ఫీడ్స్."

"వాడి ప్లాన్ ఏంటి సార్?"

"తలుపులే."

మిగతాది మ్యాపు మీద వేలు పెట్టి చెప్పాడు. గోదావరికి మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. వరదప్పుడు ఆనకట్ట దగ్గర కాలువల తలుపులన్నీ దించేస్తారు. వరదంతా సముద్రంలోకి పోతుంది, డెల్టా బతుకుతుంది. ఈమధ్యే ఆ తలుపులకు మోటార్లు బిగించి కంప్యూటర్‌కు కలిపారు. దాని తాళం గంగాధర్ ముఠా చేతికి చిక్కింది. వరద బాగా పెరిగిన వేళ చూసి, అవతలి నుంచి సరేనని కబురు రాగానే, వాడు తన టాబ్లెట్ మీద ఒక్క వేలు నొక్కుతాడు. తలుపులు లేస్తాయి, వరద కాలువల్లో పడుతుంది, గట్లు తెగుతాయి. నరసాపురం దాకా ఊళ్లకు ఊళ్లు నీళ్లలో ఉంటాయి.

మోటార్లకు కరెంటు తీసేయమనవచ్చు కదా అని ఉదయ్ అడిగాడు. ఒక అమ్మాయి చెప్పిన మాట మీద వరదల్లో మోటార్లు ఆపమంటారా, రుజువు తెండి అన్నారట పైవాళ్లు. ఇంటి మీద దాడి చేద్దామంటే, గేటు ముందు జీపు ఆగగానే గంగాధర్ నొక్కేస్తాడు. నెట్ కట్ చేద్దామంటే, వాడి దగ్గర శాటిలైట్ ఫోన్ ఉంది, అవతల కూర్చున్న ఇంకొకడికి చెబితే వాడు నొక్కుతాడు. ఇలా ఒక్కో దారీ మూసుకుంటూ వచ్చి, సూర్యప్రకాశం సొరుగులోంచి ఇడ్లీ ప్లేటంత తెల్లటి డబ్బా ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"యాక్సెస్ పాయింట్. పైకి బజారు సరుకే. లోపల మనవాళ్లు ఇంకో చిప్ పెట్టారు."

సంగతి తేలికే. ఇంట్లో వైఫై రౌటర్ ఒక మూల ఉంటే ఇంకో మూలకు సిగ్నల్ అందదు. అప్పుడు రౌటర్ నుంచి వైరు లాగి, అందని చోట యాక్సెస్ పాయింట్ బిగిస్తారు. దానికీ రౌటర్ పేరే, రౌటర్ పాస్‌వర్డే ఇస్తే ఫోన్లూ టాబ్లెట్లూ యజమానిని అడగవు. ఏ సిగ్నల్ గట్టిగా ఉంటే దాన్ని పట్టుకుంటాయి. గంగాధర్ టాబ్లెట్ ఈ తెల్ల డబ్బాను పట్టుకుంటే, అది పంపే ఆజ్ఞను డబ్బా మింగేస్తుంది, తలుపులు లేచాయని జవాబు కూడా తనే ఇస్తుంది. పని అయిందనుకుని వాడు వెళ్లిపోతాడు. అవతలివాడూ అదే నమ్ముతాడు.

"పేరు మనకు తెలుసు. పాస్‌వర్డ్, సార్?"

"రోజూ పొద్దున్నే మారుస్తాడు. మార్చాక వర్షిణి నీకు మెసేజ్ పెడుతుంది." సూర్యప్రకాశం వక్కపొడి డబ్బాకు మూత బిగించాడు. "ఒక్క అక్షరం తేడా వచ్చినా ఇది దండగ. ఊహించి కొట్టకు. మూడుసార్లు తప్పు కొడితే వాడి ఫోన్ మోగుతుంది. విష్ణు మూడోసారి కొట్టాడు."

వర్షిణి గంగాధర్‌కు సెక్రటరీ. మన డిపార్ట్‌మెంట్ రహస్యాలు ఆమె తమకు అమ్ముతున్నదని ముఠా నమ్మకం. ఆ రహస్యాలన్నీ సూర్యప్రకాశం మధ్యాహ్నాలు కూర్చుని కల్పించినవి. నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఆమె కారు దిగితే భీమవరంలో కాలేజీ కుర్రాళ్లు బైకులు స్లో చేసేవాళ్లు. ట్రైనింగ్‌లో మాత్రం ఆమె ఉదయ్ పక్క బెంచీ. అతని పరోటాలో సగం అడక్కుండా తినేది. ఉదయ్‌కు ఆమె అంటే ప్రాణం. ఆ సంగతి ఆమెకు తెలుసు, చీఫ్‌కు తెలుసు, విష్ణుకు కూడా తెలుసు. బయటికి చెప్పనివాడు ఉదయ్ ఒక్కడే.

వాళ్లు కలుసుకునేది ఐస్ ఫ్యాక్టరీ వెనక, చేపల ట్రేలు కడిగే చోట. అక్కడ ఐసు ఆడించే మిషను రొదలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. కిందటిసారి ఆమె గంగాధర్ ఉండే ఇంటి సంగతి అంతా చెప్పింది. కింద ఇంటావిడ అమ్మణ్ణి, రిటైర్డ్ టీచర్. పైన గంగాధర్. పాతకాలం మేడ, మూరెడు మందం గోడలు. రౌటర్ పైన వీధి గదిలో ఉంది. గంగాధర్ టాబ్లెట్ మాత్రం పైన వెనక గదిలోనే ఉంటుంది, అక్కడికి సిగ్నల్ బొటాబొటీగా వస్తుంది. ఆ గది కింద అమ్మణ్ణి వంటిల్లు. మధ్యలో గోడ లేదు, శ్లాబు లేదు, టేకు చెక్కలే. వంటింటి అటక మీద డబ్బా పెడితే సిగ్నల్ చెక్కల్లోంచి నేరుగా టాబ్లెట్‌కు అందుతుంది. అదంతా చెప్పి, "వెళ్తాను," అని ఆమె లేచింది.

గోదావరి జిల్లాల్లో గడప దాటే మనిషి వెళ్తాను అనడు. పక్కింటికి పంచదార కోసం వెళ్లినా వెళ్లొస్తాను అంటాడు. వెళ్తానంటే ఇక రానని అర్థం. చిన్నపిల్లలు నోరుజారి అంటే, ఆ మాట అనకూడదని పెద్దవాళ్లు అక్కడికక్కడే దిద్దుతారు. వర్షిణి మాత్రం ఈ ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ వెళ్తాను అనే లేచేది. వినడానికి బాగాలేదని ఉదయ్ ఆ రోజు ఉండబట్టలేక అన్నాడు.

"తిరిగొస్తానని నీకు ఎలా చెప్పను?" అంది ఆమె. "రోజంతా అబద్ధాలే చెబుతున్నాను. నీ దగ్గర కూడానా?"

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని వెళ్లిపోయింది.

అమ్మణ్ణి గారి ఇంటికి ఉదయ్ మధ్యాహ్నం వెళ్లాడు, కంపెనీ పేరు కుట్టిన చొక్కాతో, భుజాన వైరు చుట్టతో, వారం గడ్డంతో. వాన సన్నగా పడుతోంది. ఇంటి ముందు రోడ్డు, రోడ్డు పక్కనే కాలువ. తలుపులు దించేశారు గనక కాలువలో నీళ్లు అడుగంటి, రేవు మెట్లు కిందిదాకా బురదతో కనిపిస్తున్నాయి. పైన గోదావరి అంత పొంగుతుంటే ఇక్కడ కాలువ ఎండి ఉందంటే కొత్తవాళ్లు నమ్మరు. ఈ డెల్టాలో వానాకాలం అదే క్షేమం.

గేటు పక్కన తలుపులమ్మ తల్లి ఫీడ్స్ బోర్డు ఉంది, పెద్దపెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో. తలుపు తీస్తూనే అమ్మణ్ణి గారు ఆ బోర్డు మీద విరుచుకుపడింది. ఆవిడకు అరవై అయిదు దాటి ఉంటాయి. ఎవరు దొరికినా పాఠం చెప్పే అలవాటు పోలేదు.

"చూశావా బాబూ, తలుపులమ్మ తల్లికి టి పక్కన హెచ్ తినేశాడు. మొదటి త కీ లేదు, రెండో త కీ లేదు. టల్లి అని చదువుకోవాలా జనం? చెబితే నవ్వుతాడు. మనిషి మంచివాడేలే. మాట మరీ శుభ్రం, మా రేడియోలో వార్తలు చదివినట్టు."

కాళ్లు కడుక్కుంటే గానీ వంటింట్లోకి రానివ్వలేదు. అటక మీద ఆవకాయ జాడీలున్నాయి, వాటికి చెయ్యి తగలకూడదంది. సాయంత్రం సీరియల్ టైముకు వంటింట్లో నెట్ రావాలని, పొయ్యి దగ్గర నిలబడితే బొమ్మ ఆగిపోయి గుండ్రం తిరుగుతూ ఉంటుందని చెప్పింది. నెట్ కనెక్షన్ ఆవిడ పేరనే ఉంది. యాక్సెస్ పాయింట్ కావాలని ఆవిడ కంపెనీకి ఫోన్ చేసి పోరుపెట్టబట్టే గంగాధర్ కాదనలేకపోయాడు. ఆ ఫోన్ ఎత్తింది సూర్యప్రకాశం అని ఇద్దరికీ తెలియదు.

చెవిలో సన్నటి ఇయర్‌పీస్ ఉంది. అందులో చీఫ్ గొంతు వినిపించింది. పొద్దుట్నుంచీ వర్షిణి ఫోన్ ఆఫ్ అయి ఉందట. మెసేజ్ రాలేదు. రాదు.

ఉదయ్ స్టూలెక్కి అటక మీద జాడీల పక్కన డబ్బా బిగించాడు. వైరు కొస పైకి తీసుకెళ్తే, గంగాధర్ మెట్ల మీదే ఎదురొచ్చి అందుకున్నాడు. సన్నగా, చక్కగా ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో ఉన్నాడు. రౌటర్‌కు తనే తగిలిస్తానన్నాడు.

"అమ్మణ్ణి గారికి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టేయండి. మాది మీకు అక్కర్లేదు కదండీ?"

"అక్కర్లేదండి."

కిందికి వచ్చి మళ్లీ స్టూలెక్కి ఉదయ్ డబ్బా సెట్టింగులు ఫోన్లో తెరిచాడు. అడ్రసులు పంచే పని పైన రౌటర్‌కే వదిలేశాడు. రెండూ ఒకదానికొకటి అడ్డు రాకుండా ఛానల్ మార్చాడు. పేరు గడిలో రౌటర్ పేరే కొట్టాడు. పాస్‌వర్డ్ గడి ఖాళీగా ఉంది. అందులో ఏం రాసినా డబ్బా ఒప్పుకుంటుంది. తప్పు రాస్తే టాబ్లెట్ ఒప్పుకోదు, అంతే. సరైనదో కాదో తేలాలంటే ముందు పై రౌటర్‌కు తన ఫోన్ కలిపి చూడాలి. ఒకవేళ ఇవాళ మార్చలేదేమోనని నిన్నటి పాస్‌వర్డ్ కొట్టాడు. తప్పు అని వచ్చింది. ఇక రెండు మిగిలాయి.

విష్ణు కూడా ఇలాగే ఏదో మూల నిలబడి, ఇలాగే ఒకటి కొట్టి చూసి ఉంటాడు. ఈ పని కాదని ఉదయ్‌కు రాజమండ్రిలోనే తెలుసు. చీఫ్‌కూ తెలుసు. అయినా ఆయన వక్కపొడి నములుతూ పంపాడు, ఉదయ్ కాదనకుండా వచ్చాడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. వర్షిణి దిగింది. భుజాన బ్యాగు, చేతిలో ఫోన్ లేదు. వెనకే గంగాధర్ సగం మెట్లు దిగి రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాడు. కారులో కూర్చో, చిన్న పని చూసుకుని వస్తానని ఆమెతో అన్నాడు. ఆమె వంటింటి గుమ్మం దగ్గర ఆగింది. ఉదయ్ వైపు చూడలేదు. స్టూలు మీది మెకానిక్‌ను అలాంటి మనిషి ఎందుకు చూస్తుంది?

"వెళ్లొస్తాను," అంది ఆమె. ఒక క్షణం ఆగింది. "అమ్మణ్ణి గారూ."

మెట్ల మీద గంగాధర్ నవ్వాడు. తను వేసిన జోకు ఎవరో తిరిగి తనకే చెప్పినట్టు నవ్వాడు.

"మంచిది, వెళ్లిరా అమ్మా," అంది అమ్మణ్ణి.

ఉదయ్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. వెళ్లొస్తానంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ అనని మాట, ఇవాళ, ఈ ఇంట్లో, తను వింటుండగా అంది. పిచ్చి సంతోషం పుట్టుకొచ్చింది అతనికి. ఈ పని పాడైపోనీ, యూనిట్ మూసేయనీ, ఆమె తిరిగొస్తుంది. ఐస్ ఫ్యాక్టరీ వెనక నిలబడి ఈసారి తను చెప్పాల్సింది చెప్పేస్తాడు. కిటికీలోంచి ఆమె గేటు దాటి కారెక్కడం కనిపించింది.

చెవిలో చీఫ్ గొంతు పలికింది. "అవతలి నుంచి వాడికి కాల్ వచ్చింది. సరే అన్నారు."

పైన తలుపు మూసిన చప్పుడైంది. నెత్తి మీద టేకు చెక్కలు కిర్రుమన్నాయి. గంగాధర్ వెనక గదిలోకి వచ్చాడు.

అప్పుడు ఉదయ్‌కు గంగాధర్ నవ్వు గుర్తొచ్చింది. సెక్రటరీ ఇంటావిడతో వెళ్లొస్తానంటే నవ్వాల్సిందేముంది? తెలుగు స్కూల్లో పుస్తకం చూసి నేర్చుకున్న మనిషి. వెళ్లేటప్పుడు వెళ్తాననకూడదు, వెళ్లొస్తాననాలి అని అక్కడ ప్రత్యేకంగా నేర్పి ఉంటారు. ఈ నేల మీద వాడికి ఇవాళే ఆఖరి రోజు. పొద్దున్నే పాస్‌వర్డ్ మార్చేటప్పుడు వాడికి ఆ మాటే సరదాగా తోచి ఉంటుంది. ఆ పాస్‌వర్డ్‌ను వర్షిణి వాడి ముందే, వాడు నవ్వుతుండగా, స్పష్టంగా ఉదయ్ చెవిన వేసి వెళ్లింది. వాడు ఆమె తనతో సరసమాడిందనుకున్నాడు.

అంటే ఆమె తిరిగొస్తాననలేదు. ఆమె అతనికి ఏ మాటా ఇవ్వలేదు.

ఆ సంగతి పూర్తిగా మింగుడుపడకముందే అతని వేళ్లు ఫోన్ మీద ఆ మాట కొట్టేశాయి. ఇంగ్లీషు అక్షరాల్లో, తను మెసేజ్‌లలో ఎప్పుడూ రాసేటట్టే. తప్పు అని వచ్చింది.

ఒకటే మిగిలింది. మాట ఇదే, సందేహం లేదు. మరి ఎక్కడ తప్పింది? ఎల్ రెండు పెట్టాలా, ఒకటా? మధ్యలో ఓ నా, వో నా? ఒక్క తెలుగు మాటను ఇంగ్లీషులో రాయాలంటే ఇక్కడ ఇంటికొక తీరు. చెక్కల మీద అడుగులు కిటికీ దాకా వెళ్లి వెనక్కి వచ్చాయి. కుర్చీ జరిపిన చప్పుడైంది.

"ఏంటి బాబూ, చెమటలు పడుతున్నాయి?" అంది అమ్మణ్ణి. "కాస్త మజ్జిగ తాగు."

అతను కిటికీ వైపు తిరిగాడు. వానలో కారు, కారులో వర్షిణి తల వెనక భాగం. కారుకు అవతల గేటు పక్కన బోర్డు. తలుపులమ్మ తల్లి. మొదటి త కు హెచ్ లేదు, రెండో త కూ లేదు. తల్లిలో ఎల్ మాత్రం రెండు.

మన జిల్లాల్లో పుట్టినవాడు ఎవడైనా త రాయాలంటే టి పక్కన హెచ్ పెడతాడు. ఎందుకని అడిగితే చెప్పలేడు, చెయ్యి అలా పోతుంది. వట్టి టి పెడితే అది ట అయిపోతుందని భయం. పుస్తకంలో నేర్చుకున్నవాడికి ఆ భయం లేదు. వాడికి త అంటే టి, అంతే. ఉదయ్ మూడోసారి మొదటి నుంచీ కొట్టాడు, ఎల్ రెండు పెట్టి, ఆఖర్న స్తా దగ్గర హెచ్ తీసేసి. నొక్కేముందు కళ్లు మూసుకున్నాడు.

తెరిచేసరికి ఫోన్ రౌటర్‌కు కలిసి ఉంది.

అదే మాట డబ్బా పాస్‌వర్డ్ గడిలో కొట్టి సేవ్ చేశాడు. డబ్బా మీది లైటు ఎర్రగా వెలిగి, ఆరి, చాలాసేపు చీకటిగా ఉండి, నీలంగా వెలిగింది. కలిసిన పరికరాలు అన్న చోట సున్నా ఉంది. పైన గంగాధర్ గొంతు సవరించుకున్నాడు. నిద్రలో ఉన్న టాబ్లెట్‌ను వాడు తట్టి లేపే ఉంటాడు. సున్నా అలాగే ఉంది. కళ్లముందే ఒకటి అయింది. ఆ వెంటనే స్క్రీన్ మీద ఒకే ఒక్క వరుస కదిలింది. ఆజ్ఞ వచ్చింది, డబ్బా మింగింది, అమలైందని జవాబిచ్చింది. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే అది ఆనకట్ట దాకా పోయేది.

గంగాధర్ చేతిసంచితో కిందికి దిగాడు. నెట్ వస్తోందా అండీ అని మర్యాదగా అడిగాడు. వస్తోందండి అన్నాడు ఉదయ్. ఈ ముసలావిడ ఈ రాత్రికి నీళ్లలో ఉంటుందని నమ్ముతూనే వాడు ఆవిడకు నమస్కారం పెట్టి, వెళ్లొస్తానండి అన్నాడు.

కారు స్టార్టయింది. ఉదయ్ పెరట్లోకి పరుగెత్తి, కారును ఆపమని చీఫ్‌ను అడిగాడు. మలుపు దగ్గరే ఆపమన్నాడు, బతిమాలాడు. ఇప్పుడు రుజువు దొరికింది గనక మోటార్లకు కరెంటు తీసేయడానికి పైవాళ్లు ఒప్పుకున్నారన్నాడు సూర్యప్రకాశం. ఆర్డరు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి వెళ్తోంది. అది ఆనకట్ట చేరేదాకా కారు జోలికి పోకూడదు. వాడికి అనుమానం వస్తే శాటిలైట్ ఫోన్ తీస్తాడు. అవతలివాడు నొక్కుతాడు.

"ఆమె ఆ కారులో ఉంది సార్."

"తెలుసయ్యా," అన్నాడు చీఫ్. "ఆమెకూ తెలుసు."

గంగాధర్ డెల్టా ముంచి మెట్టకు పారిపోయే మనిషి. దారి పొడుగునా రోడ్డు పక్కనే కాలువ ఉంటుంది. తాడేపల్లిగూడెం, నిడదవోలు, ఇలా ఆనకట్ట దగ్గరయ్యేకొద్దీ కాలువ నిండుతూ కనిపించాలి. ఎక్కడా నిండదు. ఎక్కడో ఒకచోట వాడు అద్దంలోంచి కాలువ వైపు చూస్తాడు. తర్వాత పక్క సీటు వైపు చూస్తాడు. మధ్యాహ్నం ఆమె అన్న మాట వాడికి అప్పుడు అర్థమవుతుంది. ఆమె కూడా ఆ కాలువనే చూస్తూ కూర్చుని ఉంటుంది, ఎండి ఉన్నందుకు సంతోషిస్తూ. ఉదయ్ ఆ సంతోషాన్ని తలుచుకుని ఓర్చుకోలేకపోయాడు. పెరటి మెట్టు మీద కూర్చుని, మొహానికి మోచెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

దీపాలు పెట్టే వేళకు కబురు వచ్చింది. మోటార్లకు కరెంటు తీసేశారు. తలుపులు కదల్లేదు, ఇక కదలవు. కొవ్వూరుకు ఇవతల గోదావరి గట్టు మీద కారు దొరికింది. గంగాధర్ దొరికాడు, టాబ్లెట్ దొరికింది, శాటిలైట్ ఫోన్ దొరికింది. కారులో వర్షిణి లేదు. ఎక్కడని అడిగితే వాడు శుభ్రమైన తెలుగులో, చెప్పనండి అన్నాడట. గట్టుకు రెండు జానల కిందిదాకా ఎర్రనీళ్లు ఉరవడిగా పోతున్నాయి. పడవలు దించడానికి వీల్లేదు, వరద తీశాక వెతుకుతారు.

"నువ్వు వచ్చేయ్," అన్నాడు సూర్యప్రకాశం. ఆయన గొంతు ఒక్క పూటలో ముసలిదైపోయింది. "ఆ డబ్బా ఊడదీయకు. తెచ్చినా ఇక్కడ తీసుకునేవాళ్లు లేరు."

ఉదయ్ లేచి ఇయర్‌పీస్ తీసి జేబులో వేసుకున్నాడు. వంటింట్లో అమ్మణ్ణి పొయ్యి దగ్గర నిలబడి సీరియల్ చూస్తోంది. బొమ్మ ఎక్కడా ఆగడం లేదు. వీధిలో కాలువ మెట్లు మధ్యాహ్నంలాగే బురదతో ఉన్నాయి. ఊళ్లో వంటలవుతున్నాయి, ఎవరింట్లోనో కుక్కర్ కూస్తోంది. ఇంతమంది బతికి ఉన్నారని ఇంతమందిలో ఒక్కరికీ తెలియదు. అతను వైరు చుట్ట భుజాన వేసుకుని గడప దగ్గరికి వచ్చాడు.

"ఇదిగో బాబూ, కొత్త ఫోన్ పెట్టుకున్నప్పుడు అడుగుతుంది. పాస్‌వర్డ్ ఏంటి?" అంది అమ్మణ్ణి, తెర మీంచి చూపు తిప్పకుండానే.

ఉదయ్ గడప మీద ఆగాడు. ఆ మాట నోటిదాకా రావడానికి కొంచెం సేపు పట్టింది.

"వెళ్లొస్తాను," అన్నాడు.

"మంచిది, వెళ్లిరా నాయనా," అంది అమ్మణ్ణి. "ఆ పాస్‌వర్డ్ ఏంటో చెప్పి మరీ వెళ్లు."